రత్నమ్మ సిస్టర్ ఎర్ర గీత

మా మేనత్తకి డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయి. సంఘం తరఫున శాలువా కప్పుతామని, ఆమె జీవితం గురించి రెండు పేజీలు రాసివ్వమని పాస్టర్ రవికుమార్ గారు నన్ను అడిగారు. "మంచి విషయాలు రాయమ్మా కెజియా, చదివినవాళ్ళకి ఆదరణ కలగాలి" అన్నారు. ఆదరణ సంగతి నాకు తెలీదు. నాకు ఒళ్ళు మండి ఉంది. ఆ మంట మీదే రాస్తున్నాను. చదివాక శాలువా కప్పుతారో మానుతారో వాళ్ళ ఇష్టం.

మా అత్త పేరు జీవరత్నమ్మ. పూండి రైలు స్టేషనుకి వెళ్ళే దారిలో మా మందుల షాపు ఉంది. అత్త పాతికేళ్ళు మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అందుకని చుట్టుపక్కల పేటల్లో ఆమెను అందరూ సిస్టరమ్మ అంటారు. షాపు లైసెన్సు మాత్రం నా పేరు మీద ఉంది. ఫార్మసీ చదివింది నేను. నా సర్టిఫికెట్ గోడకి ఫ్రేము కట్టి ఉంటుంది. దానికి నెలకోసారి బూజు దులుపుతాను. అంతకు మించి దాంతో నాకు పని ఉండేది కాదు. కౌంటరు దగ్గర కుర్చీ అత్తది, మాట అత్తది.

అత్త మొగుడు సత్యవేదం మావయ్య పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రోజంతా వంగి బస్తాలెత్తే పని. నడుం నొప్పి ఉండేది. అత్తే ఆసుపత్రి నుంచి నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పదకొండేళ్ళు. తర్వాత కాళ్ళు వాచాయి. తర్వాత కిడ్నీలు పోయాయి. రెండేళ్ళు డయాలసిస్ మంచం మీద పడుకుని ఆయన వెళ్ళిపోయాడు. మా ఉద్దానం ఊళ్ళల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు, రక్తం తీసుకున్నారు, వెళ్ళారు. అత్త మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. తన చేత్తో ఇచ్చిన మాత్రలే మొగుణ్ణి చంపాయని తీర్మానం చేసేసుకుంది.

అప్పట్నుంచి మొదలైంది ఎర్ర గీత. ఎవరు ఏ డాక్టరు చీటీ తెచ్చినా అత్త ముందు ఎర్ర పెన్ను తీస్తుంది. నొప్పి మాత్ర కనిపిస్తే దాని మీద గీత కొట్టేస్తుంది. ఆ మాట పేటలన్నీ పాకిపోయింది. మందస నుంచి, సంతబొమ్మాళి నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవాళ్ళు. మందులు వేరేచోట కొన్నవాళ్ళు కూడా కవరు తీసుకొచ్చి కౌంటరు మీద కుమ్మరించేవాళ్ళు. "కిడ్నీకి తగిలీదేదో తీసీ సిస్టరమ్మా" అనేవాళ్ళు. తీసేసిన మాత్రలు పడెయ్యడానికి ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అది నిండినప్పుడల్లా అత్త మొహంలో ఒక తృప్తి కనిపించేది. న్యాయంగా చెప్పాలి కదా, ఆ గీత చాలామందిని కాపాడింది. చిన్న తలనొప్పికి కూడా గుప్పెడు మాత్రలు మింగే జనాన్ని మాన్పించింది. అందుకే ఆ పెన్నుని ఎవరూ ప్రశ్నించలేదు. నేను కూడా.

అలా వచ్చేవాళ్ళలో గంగమ్మ ఒకతె. ఆమెది సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేట, పూండి నుంచి ఆటోలో అరగంట. మొగుడు తవిటయ్య కూడా కిడ్నీలతోనే పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు యువరాజు. పదిహేడేళ్ళకే గుజరాత్ బోట్ల మీదకి పనికి వెళ్ళిపోయాడు. ఇరవై నాలుగో ఏట వల లాగుతూ ఆయాసంతో డెక్కు మీద కూలబడిపోతే ఇంటికి పంపేశారు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందని టెక్కలిలో స్కాను తీసినాయన చెప్పాడు. మొన్న జనవరిలో విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో ఛాతీ కోసి రంధ్రం మూశారు. ఆపరేషన్ బాగా జరిగింది. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

దారిలోనే గంగమ్మ మా షాపు దగ్గర ఆటో ఆపించింది. కొడుకుని ఇంటికి కూడా తీసుకెళ్ళలేదు, ముందు ఇక్కడికే. చేతిలో మందుల కవరు, మూడు పేజీల డిశ్చార్జి కాగితం.

"సూడు సిస్టరమ్మా. ఆళ్ళ నాన్నలాగ ఈడికి కూడా అవ్వకూడదు. కిడ్నీకి తగిలీది ఒక్కటున్నా తీసీ" అంది.

అత్త కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అట్ట చూసింది. రెండు పక్కన పెట్టింది. ఒకటి మామూలు నొప్పి మాత్ర. రెండోది చిన్న మాత్ర, కోల్చిసిన్. అది కీళ్ళవాతానికి, బొటనవేలు వాచి మంట పెట్టే జబ్బుకి వాడే మందని అత్తకి తెలుసు. నాకూ తెలుసు. అయితే నాకు ఇంకో విషయం కూడా తెలుసు. ఆ మందు గుండె పొర వాపుకి కూడా వాడతారని కాలేజీలో ఎప్పుడో చదివాను. పైగా కాగితం రెండో పేజీలో ఆ మాత్ర పక్కన, నెల రోజులు ఆపకుండా వాడాలి అని ఇంగ్లీషులో రాసుంది. నేను చదివాను.

"అత్తా, ఇది ఎందుకిచ్చారో ఒకసారి ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాను.

"కీళ్ళవాతం మందు గుండెకేటే? ఆళ్ళకేటి, రాసి పడేత్తారు. మోసీది మనం" అంది అత్త. ఎర్ర గీత రెండు చోట్లా కొట్టింది. రెండట్టలూ డబ్బాలోకి పోయాయి.

నేను నోరు మూసుకున్నాను. నాకు చదువు చెప్పించిన మనిషి. ఆమె ముందు గట్టిగా మాట్లాడటం అలవాటు లేదు. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే చిరాకొస్తోంది. అలవాటు లేకపోతే ఒక కుర్రాడి ప్రాణం మీదకి తేవచ్చా? గంగమ్మ రెండు చేతులూ ఎత్తి అత్తకి దణ్ణం పెట్టి వెళ్ళింది.

మూడు వారాలు దాటాయి. యువరాజుకి జ్వరం తగిలింది. ఛాతీలో నొప్పి. పేటలో సూదిమందు వేసే మహేష్ అని ఒకడున్నాడు. వాడు వచ్చి ఇంజక్షన్ పొడిచాడు. ఒక్క పూటలో నొప్పి తగ్గింది. గంగమ్మ సంబరపడింది. మర్నాడు మళ్ళీ నొప్పి, మళ్ళీ సూది. ఆ సూదిలో ఉన్నది ఏమిటో తెలుసా? మేము ఎర్ర గీత కొట్టి తీసేసిన నొప్పి మందు జాతిదే. చెప్పకుండా పొడిచేస్తే మంచిది, చీటీ మీద రాస్తే చెడ్డది. ఎంత చక్కటి తెలివి మాది!

నాలుగో రోజుకి కాళ్ళు వాచాయి. ఇంకే ఊళ్ళోనైనా, గుండె ఆపరేషన్ అయిన మనిషికి కాళ్ళు వాచి ఆయాసం వస్తే ఏమనుకుంటారు? గుండెకి ఏదో అయిందనుకుంటారు. మా ఉద్దానంలో అనుకోరు. ఇక్కడ కాలు వాచిందంటే ఒకటే మాట, కిడ్నీ. పేటంతా ఆ మాటే అంది. మహేష్ అదే అన్నాడు. గంగమ్మ ఏడుస్తూ ఫోన్ చేస్తే మా అత్తా అదే అంది. "ఆళ్ళు ఆసుపత్రిలో ఎక్కించిన మందులకే దెబ్బతిన్నాది. ముందు పలాస తీసుకెళ్ళి రక్తం పరీక్ష సేయించు" అని పంపింది. రక్తం ఇవ్వడానికి ఒక రోజు, రిపోర్టుకి ఒక రోజు. గుండె చుట్టూ నీళ్ళు చేరుతున్న మనిషిని ఆటోలో గోతుల రోడ్డు మీద రెండు రోజులు తిప్పారు.

రెండో రోజు పదకొండు గంటలకి గంగమ్మ షాపులోకి పరిగెత్తుకొచ్చింది. కిడ్నీ రిపోర్టు కౌంటరు మీద పెట్టింది. అంతా మామూలుగా ఉంది, క్రియాటినిన్ పాయింట్ తొమ్మిది. గంగమ్మ ఏడ్చేసింది. అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సూసినావా? తీసీబట్టి కిడ్నీ నిలబడ్డాది" అంది అత్త.

"నీ సెయ్యి సల్లగుండాల సిస్టరమ్మా" అంది గంగమ్మ.

వాళ్ళిద్దరూ సంతోషపడుతుంటే నేను బయటికి చూశాను. ఆటోలో యువరాజు ఉన్నాడు. వెనక్కి ఆనుకుని కూర్చోలేదు. డ్రైవరు సీటు వెనక రాడ్డుని రెండు చేతులతో పట్టుకుని దాని మీదకి వంగిపోయి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను. మెడ నరాలు తాడులా ఉబ్బి ఉన్నాయి. పెదవులు వాడిపోయాయి.

"పడుకుని ఎన్ని రోజులైంది యువరాజూ?"

"మూడ్రోజులు కెజియక్కా. ఎనక్కి ఆన్తే గుండెలో పొడిసినట్టుంతాది. ముందుకి వొంగితే కొంచెం నయం" అన్నాడు. ఆ రెండు ముక్కలకే మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ముందుకు వంగితే తగ్గే నొప్పి. కాలేజీలో ఆ పాఠం చెప్పిన మేడమ్ బల్ల మీదకి వంగి మరీ చూపించింది. నేను షాపులోకి వెళ్ళి పుట్టాక మొదటిసారి మా అత్త మీద అరిచాను.

"కిడ్నీ బాగుంది సరే, గుండె మునిగిపోతోంది! గుండె చుట్టూ నీళ్ళు చేరాయి. మనం తీసేసిన మాత్ర దానికే!"

అత్త బిస్కెట్ల డబ్బా వైపు చూసింది. అంతే, షట్టరు కూడా దించకుండా లేచి వచ్చి ఆటో ఎక్కింది.

టెక్కలిలో స్కాను తీసినాయన తెర మీద చూడగానే నర్సుని కేకేసి అంబులెన్సు పిలవమన్నాడు. గుండె చుట్టూ నీళ్ళు నిండిపోయి గుండెని నొక్కేస్తున్నాయని, విశాఖ చేరాక వెంటనే తీయకపోతే మనిషి దక్కడని చెప్పాడు. అంబులెన్సులో దారి పొడుగునా యువరాజు వాళ్ళమ్మ భుజం మీదకి వంగి కూర్చున్నాడు. అత్త ఎదురుగా కూర్చుని వాడి నాడి పట్టుకుంది. శ్రీకాకుళం దాటాక నాడి సన్నబడిపోయింది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో, లెక్కో, నాకు తెలీదు.

వెళ్ళిన అరగంటలో గొట్టం పెట్టి నీళ్ళు తీశారు. ముప్పావు లీటరుకి దగ్గర దగ్గరగా వచ్చింది. సాయంత్రం ఐదింటికి యువరాజు వెనక్కి ఆనుకుని పడుకున్నాడు. మూడు రోజుల తర్వాత పడుకున్నాడు. గంగమ్మ వాడి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

వార్డు చూసే డాక్టరు పేరు సుష్మ. ముప్పై ఏళ్ళుంటాయి. డిశ్చార్జి కాగితం చేతిలోకి తీసుకుని రెండో పేజీ దగ్గర ఆగింది.

"ఈ ఎర్ర గీత ఎవరు కొట్టారు?"

గంగమ్మ గబుక్కున లేచింది. "నానే డాకటరమ్మా. తెలీక. ఇంట్లో పిల్లలు పెన్నుతో ఆడినారు" అంది. ఇంట్లో పిల్లలెవరూ లేరు. తన కొడుకుని చావు దాకా తెచ్చిన మనిషిని కాపాడటానికి ఆ తల్లి అబద్ధమాడింది. నాకు ఇప్పటికీ గంగమ్మ మీద కూడా కోపమే. ఎందుకంత మంచితనం?

అత్త ముందుకొచ్చింది. "ఆమె కాదండి. నేను కొట్టాను. నేను నర్సుని."

డాక్టర్ సుష్మ మొహం ఎర్రబడింది. "నర్సా? ఏ మందు ఎందుకిచ్చారో తెలుసుకోకుండా తీసేస్తారా? గుండె చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్ని కోస్తాం. కొందరికి రెండు మూడు వారాల తర్వాత ఒంట్లోని రక్షణ శక్తే ఆ పొర మీద తిరగబడుతుంది. వాపు వస్తుంది, నీళ్ళు చేరతాయి. అది రాకుండా ఉండే అవకాశం పెంచడానికే ఈ మాత్ర. కిడ్నీ పరీక్ష చేశాకే, తక్కువ మోతాదులో రాశాం. అదీ ఈ కాగితంలోనే ఉంది!"

"ఏ భాషలో ఉందండి?" అంది అత్త.

డాక్టర్ సుష్మ చేతిలోని కాగితం వైపు చూసింది.

"నేను చేసింది తప్పే. ఆ తప్పు నేను మోస్తాను. మీ సంగతి చెప్పండి. ఈ తల్లికి మూడు పేజీల ఇంగ్లీషు చేతిలో పెట్టి పంపారు. ఈమెది ఏ ఊరో మీ కాగితంలో ఉంది కదా. ఉద్దానం అని చూశారు కదా. మా ఊళ్ళల్లో మాత్ర కనిపిస్తే కిడ్నీ పోతుందని ఎంత హడలిపోతామో మీకు తెలీదా? 'అమ్మా, ఇది గుండెకి నీళ్ళు పట్టకుండా ఇచ్చేది, నెల రోజులు, నీ కొడుకు కిడ్నీ చూశాకే ఇచ్చాం' అని ఒక్క ముక్క చెప్పడానికి మీకు నోరు రాలేదా? చెప్పుంటే ఈవిడ నా దగ్గరికి వచ్చేదా?"

ఇద్దరూ ఒకరినొకరు కొట్టేసేలా చూసుకున్నారు. అప్పుడు నేను అన్నాను, "నాకు ఇంగ్లీషు వచ్చు. నేను చదివాను. నేను చెప్పలేదు." నా వైపు ఇద్దరూ తిరిగారు. తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టర్ సుష్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త కాగితం తీసి ఈసారి తెలుగులో రాసింది. కోల్చిసిన్ మూడు నెలలు. విరేచనాలు ఎక్కువైతే, కండరాల నొప్పి వస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి. కిడ్నీ పరీక్ష మధ్యలో రెండుసార్లు. ఇంకే మందైనా కలిపే ముందు అడగాలి. వాపు పూర్తిగా తగ్గడానికి ఇంకో మాత్ర రెండు వారాలు. కింద వార్డు ఫోన్ నంబరు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లలు రాసినట్టు ఉన్నాయి. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో పాపం. రాశాక అత్తకి చదివి వినిపించింది, గంగమ్మకి చదివి వినిపించింది, గంగమ్మ చేత తిరిగి చెప్పించింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది. మొదటిసారి ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయి అని నాకు మళ్ళీ మండింది.

యువరాజు బతికాడు. మూడు నెలలూ మాత్రలు వేసుకున్నాడు. ఒకసారి విరేచనాలు పట్టుకుంటే గంగమ్మ ఫోన్ చేసి అడిగింది, వాళ్ళు మోతాదు తగ్గించారు. ఇప్పుడు పూండి దాకా సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. మందుల గడువు అయిపోయింది, పేటలో వలలు అల్లుతున్నాడు. గుజరాత్ మాట ఎత్తితే గంగమ్మ ఒప్పుకోవడం లేదు.

అత్త తిరిగొచ్చిన మర్నాడే బిస్కెట్ల డబ్బాని పాత మందులతో సహా తీసేసింది. ఎర్ర గీత ఉన్న ఆ పాత కాగితం గంగమ్మని అడిగి తీసుకుంది. కౌంటరు అద్దం మీద అతికించింది. కింద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ గీత నేను కొట్టాను. మనిషి చావబోయాడు. జీవరత్నమ్మ.

నేను తీసెయ్యమన్నాను. పాస్టర్ గారు తీసెయ్యమన్నారు. ఆమె తియ్యలేదు. జనం మొదట చదివి నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. మందుల కంపెనీ వాళ్ళు సిస్టరమ్మని కొనేశారని మందసలో ఎవరో అన్నారట. చీటీ తెచ్చి "తీసీ" అంటే అత్త తల అడ్డంగా ఊపుతోంది. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోతున్నారు. వెళ్ళి ఏం చేస్తున్నారు? మందులన్నీ మానేస్తున్నారు, లేదా మహేష్ సూది వేయించుకుంటున్నారు. ఇదీ మా గొప్ప సంస్కరణ.

నా కోపానికి అసలు కారణం పోయిన మంగళవారం జరిగింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి గంగమ్మ వచ్చింది. ఈసారి చీటీ తనది. మోకాళ్ళు నొప్పులని టెక్కలిలో చూపించుకుందట. చీటీ కౌంటరు మీద పెట్టింది, సరిగ్గా ఆ ఎర్ర గీత కాగితం పక్కన.

"కిడ్నీకి తగిలీదేదో తీసీ సిస్టరమ్మా" అంది.

అత్త కుర్చీలోంచి లేచింది.

"ఒలే గంగమ్మా! నీ కొడుకుని సంపబోయినానే నాను! ఇదిగో ఇక్కడే రాసి ఎట్టినాను! మళ్ళీ నా దగ్గిరికే వత్తావేటే? బుద్ధి నేదా నీకు? నన్నే అడుగుతావేటే?"

ఇన్నేళ్ళలో అత్త నోట ఆ పేట మాట అంత పచ్చిగా రావడం అదే మొదటిసారి.

గంగమ్మ తిరిగి అరవలేదు. చీటీ వైపు చూసింది. దాని మీద గీతలు గీతలుగా ఇంగ్లీషు.

"మరెవుల్ని అడగమంతావు?" అంది.

అత్త కూర్చుంది. చీటీ నా ముందుకి తోసింది. "చదువు. గట్టిగా చదువు. అన్నీ" అంది. నేను పైనుంచి కింద దాకా చదివి, ఏది దేనికో గంగమ్మకి చెప్పాను. మూడో మాత్ర దగ్గర నాకు అనుమానం వచ్చింది, ఆ మాట కూడా గట్టిగానే అన్నాను. అత్త ఫోన్ తీసి చీటీ మీదున్న డాక్టరు నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఎత్తలేదు. గంగమ్మకి స్టూలు చూపించి కూర్చోమంది.

మళ్ళీ నొక్కింది.